గాలికి కబురు అందకముందే

శబ్దం కన్న వేగంగా పోయే వస్తువును మొట్టమొదట చేసినవారెవరని అడిగితే, చదువుకుంటున్న కుర్రవాడు అమెరికా పేరో, రష్యా పేరో చెబుతాడు. నన్నడిగితే ఆ గౌరవం బండి తోలేవాడికి ఇస్తాను. ప్రత్తి బస్తాలూ, మిరప బస్తాలూ వేసుకుని గుంటూరు రోడ్డున ఎడ్లబండ్లు బారులు తీరి నడిచిన రోజుల్లో, బండివాడు చెర్నాకోలను ఎద్దు ఒంటిమీద పడనీయకుండా గాలిలోనే ఝళిపించేవాడు. ‘ఛెళ్‌’మని చప్పుడయ్యేది. ఎద్దులు చెవులు రిక్కించి అడుగు పెంచేవి.

ఆ చప్పుడు దేనికి తగిలి పుట్టింది? దేనికీ తగలలేదు. కర్ర కదిలింది నెమ్మదిగానే. కాని తోలు పొడుగునా పరుగెత్తే మడత, తోలు సన్నబడుతున్న కొద్దీ వేగం పుంజుకుని, కొసకు చేరేటప్పటికి శబ్దవేగాన్ని అందుకుంటుంది. ఆ క్షణంలో గాలిలో పుట్టిన అదటే మన చెవికి ‘ఛెళ్‌’మని వినబడుతుంది. శాస్త్రజ్ఞులు 1927లోనే దీనికి ఫోటోలు తీసి పరిశీలించారు. 2002లో అమెరికాలో గణితశాస్త్రజ్ఞులు లెక్కలు కట్టి, చప్పుడుకు మూలం ఆ పరుగెత్తే మడతేనని తేల్చారు. ఏమైతేనేం, విమానం పుట్టకముందే మన బండివాడు చేతిలో ఒక చిన్న పిడుగును పట్టుకుని తిరిగాడు.

ఈ ప్రస్తావన ఇప్పుడెందుకంటే, ఆ పెద్ద పిడుగులు కూడా ఇప్పుడు మన పొలాల దరికే వచ్చాయి. బాపట్ల పక్కన సూర్యలంక తీరాన వైమానిక దళంవారి కేంద్రం ఉన్నది. అక్కడినుంచి సముద్రం మీదికి క్షిపణులు వదిలి చూస్తుంటారు. అద్దంకి దరిని కొరిశపాడు, రేణింగవరం మధ్య 16వ నెంబరు జాతీయ రహదారి మీద యుద్ధ విమానాలు దిగటానికి వీలుగా సిమెంటు దారి వేశారు. తెనాలివారు తమ పిల్లగా చెప్పుకునే అమ్మాయి ఒకరు శబ్దానికి మూడురెట్ల వేగంతో ఆకాశాన్ని దాటి వచ్చారు. నేను ముప్పయ్యేళ్ళు కాలేజీలో ఫిజిక్సు చెప్పినవాణ్ణి గనుక, ఏ పెళ్ళిలో కూర్చున్నా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు: “మాస్టారూ, విమానం శబ్దాన్ని దాటితే అంత మోత ఎందుకండీ? అక్కడేమైనా గోడ ఉంటుందా?”

గోడ లేదు. ఉన్నదల్లా కబురు అందటం, అందకపోవటం. ఈ ఒక్క సంగతి పట్టుబడితే మిగిలిందంతా దానంతటదే అర్థమవుతుంది.

కబురు నడిచే వేగం

శబ్దమంటే గాలిలో ఒక అణువు పక్క అణువును తోయటం, అది దాని పక్కదాన్ని తోయటం. ఇలా చేయి మారుతూ పోయే తోపుడే శబ్దం. ఎంత గట్టిగా అరిచినా కబురు ఒకే వేగంతో నడుస్తుంది. దాని నడక మారేది వేడినిబట్టి. గాలి వేడెక్కితే అణువులు చురుకుగా కదులుతాయి గనుక కబురు తొందరగా అందుతుంది.

15 డిగ్రీల వేడిలో శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతుంది, అంటే గంటకు సుమారు 1,225 కిలోమీటర్లు. మన గుంటూరులో రోహిణి కార్తె నాటి 45 డిగ్రీల ఎండలో అది 1,285 దాటుతుంది. అదే 11 కిలోమీటర్ల ఎత్తున, సున్నాకు దిగువ 56 డిగ్రీల చలిలో, 1,062కు పడిపోతుంది. కాబట్టి ‘గంటకు ఇన్ని కిలోమీటర్లు’ అంటే విమానం శబ్దాన్ని దాటిందో లేదో తెలియదు. అందుకని ఇంజనీర్లు వేరే కొలత పెట్టుకున్నారు. విమానం వేగాన్ని ఆ చోట శబ్దానికున్న వేగంతో భాగించగా వచ్చేది మాక్ సంఖ్య. మాక్ 1 అంటే శబ్దంతో సమానం. మాక్ 2 అంటే రెండింతలు. మనం ఎక్కే ప్రయాణీకుల జెట్ విమానాలు మాక్ 0.8 దరిదాపుల్లో పోతాయి. ఎర్నస్ట్ మాక్ అనే ఆస్ట్రియా దేశపు శాస్త్రజ్ఞుడి పేర 1929లో ఈ కొలతకు ఆ పేరు పెట్టారు.

యార్డులో హమాలీ

గుంటూరు మిర్చి యార్డు సీజనులో చూచినవారికి ఈ శాస్త్రం చెప్పటం సులువు. ఘాటుకు తుమ్ముతూ, ముక్కులకు కండువాలు కట్టుకుని జనం క్రిక్కిరిసి ఉంటారు. ఆ జనంలోంచి ఒక హమాలీ వీపున మిరప టిక్కీ వేసుకుని, “తప్పుకోండి, తప్పుకోండి!” అని కేకలు వేస్తూ వస్తాడు. కేక అతనికన్న ముందుగా పోతుంది. పది బారల దూరాననే మనుషులు కొంచెం కొంచెంగా పక్కకు జరుగుతారు. అతను వచ్చేసరికి దారి సిద్ధంగా ఉంటుంది. ఎవరికీ దెబ్బ తగలదు.

మామూలు విమానం ముందు గాలి చేసేదిదే. విమానం ముక్కు గాలిని తోస్తున్నదన్న కబురు శబ్దవేగంతో ముందుకు పోతుంది. విమానం అంతకన్న నెమ్మదిగా వస్తున్నది గనుక, గాలి ముందే తప్పుకుని రెక్కల పైనుంచీ క్రిందినుంచీ సాఫీగా సాగిపోతుంది.

ఇప్పుడు ఆ హమాలీ తన కేక కన్న వేగంగా పరుగెత్తుకు వచ్చాడనుకోండి. ఎవరికీ కబురు లేదు. ఎవరూ తప్పుకోలేదు. వీపుమీద టిక్కీ వచ్చి తగిలినప్పుడే మొదటి మనిషికి సంగతి తెలుస్తుంది. అతను రెండోవాడిమీద పడతాడు. మనుషులంతా ఒక్కచోట కుప్పపడతారు. గాలి కూడా అలాగే కుప్పపడుతుంది. ఆ కుప్పనే ఇంజనీర్లు షాక్ వేవ్ అంటారు. మనం ‘అదటు అల’ అనుకుందాం. అది తలవెంట్రుక కన్న ఎన్నోరెట్లు పలుచనైన పొర. దానికి ఇవతల గాలి ప్రశాంతంగా ఉంటుంది. అవతల ఒక్కసారిగా ఒత్తిడి, వేడి, చిక్కదనం అన్నీ పెరిగిపోతాయి.

ఈ అదటు విమానం ముక్కునుంచి వెనక్కు, బూరలాగా విచ్చుకుని సాగుతుంది. సూర్యలంక ఒడ్డున నిలబడి మరబోటు పోతుండగా చూడండి. బోటు ముక్కునుంచి రెండుపక్కలా నీటి గీతలు వెనక్కు విచ్చుకుంటాయి. వేగం హెచ్చిన కొద్దీ విమానం అదటు ఇంకా సన్నగా వెనక్కు ముడుచుకుంటుంది. మాక్ 2 వద్ద అది విమానం దారితో 30 డిగ్రీల కోణం చేస్తుంది.

కంటికి కనబడని గాలిలో ఇవన్నీ ఉన్నాయని ఎలా తెలిసింది? ఏప్రిల్ మధ్యాహ్నం మిరప కల్లాం మీదుగా అవతలి చెట్టును చూడండి. చెట్టు నీళ్ళలో నీడలా వణుకుతుంది. చెట్టు వణకటం లేదు. నేలనుంచి లేచే వేడిగాలి పలుచన, పైగాలి చిక్కన. ఆ తేడాలో వెలుగు వంగుతున్నది. ఈ సూత్రంతోనే 1887లో మాక్, అతని సహచరుడు సాల్చర్ కలిసి, పరుగెత్తే తుపాకి గుండు ముందున్న అదటును ఫోటో తీశారు. ఈనాటికీ విండ్ టన్నెళ్ళలో అదే పద్ధతి వాడుతున్నారు.

గోడ అనుకున్న రోజులు

మొదటి చిక్కు శబ్దాన్ని దాటిన తరువాత రాలేదు, దాటబోయే ముందే వచ్చింది. విమానం శబ్దవేగానికి లోపలే ఉన్నా, రెక్క వంపుమీదుగా పోయే గాలి దారి మళ్ళి, విమానం కన్న వేగంగా పరుగెత్తుతుంది. కాబట్టి విమానం మాక్ 0.8 అందుకునేటప్పటికే రెక్క మీద అక్కడక్కడ గాలి శబ్దాన్ని దాటేస్తుంది. అక్కడ అదటు పుడుతుంది. దాని వెనుక గాలి రెక్కను వదిలి చెదిరిపోతుంది. విమానం గడగడ వణుకుతుంది. ముక్కు క్రిందికి దిగుతుంది. పైలట్ బలమంతా పెట్టి లాగినా తోక రెక్క మాట వినదు. కొంత శబ్దం లోపలి గాలి, కొంత శబ్దాన్ని దాటిన గాలి: విమానం ఒక్కటే, గాలులు రెండు. ఇద్దరు యజమానుల మధ్య పాలేరు పడే అవస్థ విమానానిది.

రెండవ ప్రపంచ యుద్ధంలో నిట్టనిలువుగా క్రిందికి దూకిన విమానాలకు ఈ అనుభవం కలిగింది. 1946 సెప్టెంబరు 27న ఇంగ్లండులో జెఫ్రీ డి హావిలాండ్ అనే పైలట్, విమాన నిర్మాతకు కుమారుడు, ప్రయోగ విమానంలో ఆ వేగాన్ని సమీపిస్తుండగా అది గాలిలోనే ముక్కలై మరణించాడు. అటువంటివి చూచి జనం అక్కడేదో గోడ ఉన్నదనుకున్నారు. పత్రికలూ అలాగే వ్రాశాయి.

1947 అక్టోబరు 14న అమెరికా ఎడారిమీద చక్ యీగర్ ఆ భ్రమను పోగొట్టాడు. అతని ఎక్స్-1 విమానం ఆకారం తుపాకి గుండును చూచి చేసింది. గుండు శబ్దాన్ని దాటి కూడా సూటిగా పోతుందని అందరికీ తెలుసు గదా! పెద్ద విమానం పొట్టక్రింద దానిని మోసుకువెళ్ళి వదిలారు. రాకెట్టు మండింది. సుమారు 13 కిలోమీటర్ల ఎత్తున విమానం మాక్ 1.06 అందుకున్నది. అప్పటికి రెండు రోజుల క్రిందటే యీగర్ గుర్రం మీదనుంచి పడి రెండు పక్కటెముకలు విరగ్గొట్టుకుని, ఆ సంగతి పైవారికి చెప్పకుండా దాచాడు. కాని గెలిపించింది అతని మొండితనమొక్కటే కాదు. ఎక్స్-1లో తోక రెక్క అంచు మాత్రమే కాక, రెక్క మొత్తం కదిలే ఏర్పాటు ఉన్నది. అంచు మాట వినని చోట మొత్తం రెక్క విన్నది.

గట్టు ఎక్కే ఉపాయం

ఈ చిక్కును తగ్గించటానికి చేసిన ఉపాయాల్లో పెద్దది రెక్కను వెనక్కు వాల్చటం. 1935లో రోము నగరంలో జరిగిన సభలో బూస్‌మన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు దీనిని చెప్పాడు. మన రైతుకు ఈ ఉపాయం పుట్టుకతోనే తెలుసు. కాలవ గట్టును సూటిగా ఎక్కితే నిలువుగా ఉంటుంది. ఏటవాలుగా ఎక్కితే గట్టు అదే, ఎత్తు అదే, కాని వాలు తగ్గుతుంది. రెక్కను వెనక్కు వాలిస్తే గాలికి కూడా రెక్క వంపు అంత నిలువుగా అనిపించదు. అదటు ఆలస్యంగా, బలహీనంగా పుడుతుంది. దీనితోబాటు రెక్కను పలుచగా చేస్తారు. రెక్కలు అతికే చోట విమానం నడుమును సన్నబరుస్తారు. గాలి రెక్క మీద ఎలా పోతున్నదో చూడటానికి ఒక్కొక్కప్పుడు నూలుపోగుల వంటివి అతికించి, అవి ఏ దిక్కున వాలుతున్నవో చూస్తారు. గాలికి రంగు లేదు గనుక పోగే సాక్షి.

మన దేశంలో ఈ పని 1961లోనే మొదలయింది. ఆ సంవత్సరం జూన్ 17న బెంగుళూరులో మారుత్ విమానం మొదటిసారి లేచింది. రూపకర్త జర్మనీ నుంచి వచ్చిన కర్ట్ టాంక్. విమానం ఆకారం శబ్దాన్ని దాటడానికి తగినదే. తగిన ఇంజను మాత్రం దొరకలేదు. శబ్దాన్ని నిక్కచ్చిగా దాటగల విమానం మన చేతులమీదుగా రావటానికి ఇంకా నలభై ఏళ్ళు పట్టింది. అదే తేజస్. అది 2001 జనవరి 4న మొదటిసారి ఎగిరింది. ఆ ప్రణాళికను నడిపిన కోట హరినారాయణ గారు బరంపురం వైపునుంచి వచ్చినవారు.

అయితే ప్రతి ఉపాయానికీ ఒక ఖరీదు ఉంటుంది. పలుచని, వెనక్కు వాలిన రెక్క వేగానికి పుట్టింది. నెమ్మదిగా పోయేటప్పుడు దానికి బరువు మోసే శక్తి తక్కువ. అందుచేత ఆకాశంలో శబ్దాన్ని దాటగల విమానం నేలకు దిగేటప్పుడు కూడా గంటకు రెండు వందల కిలోమీటర్ల పైన దిగవలసిందే. ఆ వేగం చల్లారటానికి సూటియైన, గట్టియైన, పొడవైన దారి కావాలి. కొరిశపాడు దగ్గర రోడ్డు మీద బస్సులో పోతున్నప్పుడు మనకు ‘ఇంత సూటిగా, ఇంత వెడల్పుగా ఎందుకు వేశారా’ అనిపించే ఆ దారి 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పు. యుద్ధంలోగాని, తుఫాను వరదల్లోగాని విమానాశ్రయాలు పనికిరాకుండాపోతే వాడుకోవటానికి కట్టారు. 2022 డిసెంబరు 29న ఒకసారి, 2024 మార్చి 18న మరొకసారి రాకపోకలు ఆపి విమానాలతో పరీక్ష జరిపారు. రెండోసారి సుఖోయ్-30, హాక్ విమానాలు దారిని ఆనుకున్నంత పనిచేసి మళ్ళీ పైకి లేచిపోయాయి. బరువులు మోసే ఆంటొనోవ్-32, డోర్నియర్ విమానాలు దిగి, మళ్ళీ ఎగిరాయి. ఆ రోజు చుట్టుపట్ల గ్రామాలవారు విన్న మోత ఇంజన్ల మోతే గాని శబ్దాన్ని దాటిన మోత కాదు. దిగబోయే విమానం ఏదీ ఆ వేగంలో ఉండదు.

ఆకాశ్ ఇంజను, కాంకార్డ్ ముక్కు

గాలి కుప్పపడటం ఎప్పుడూ శత్రువే కాదు. సూర్యలంకలో వదిలి చూచిన ఆకాశ్ క్షిపణిలో దానినే పనివాడిగా పెట్టుకున్నారు. మామూలు జెట్ ఇంజనులో లోపలికి వచ్చిన గాలిని నొక్కటానికి గిర్రున తిరిగే చక్రాలు ఉంటాయి. ఆకాశ్‌లో అవి లేవు. మొదట రాకెట్టు దానిని శబ్దవేగం దాటిస్తుంది. ఆ తరువాత ఎదురువచ్చే గాలి ఆ వేగానికే ఒత్తుకుని నొక్కుకుపోతుంది. అందులో ఇంధనం మండితే చాలు. దీనిని రామ్‌జెట్ అంటారు. హైదరాబాదులోని రక్షణ పరిశోధనశాల తయారుచేసిన ఈ క్షిపణి శబ్దానికి సుమారు రెండున్నర రెట్ల వేగంతో పోతుంది.

నొక్కుకుపోయిన గాలి వేడెక్కుతుంది. సైకిలు పంపు కొట్టినవారికి ఈ సంగతి తెలుసు. కాంకార్డ్ ప్రయాణీకుల విమానం 18 కిలోమీటర్ల ఎత్తున, మాక్ 2 వేగంతో, నీరు గడ్డకట్టే చలికన్న ఎంతో చల్లని గాలిలో పోయేది. అయినా దాని ముక్కు 120 డిగ్రీలు దాటి కాగేది. ఆ వేడికి విమానం మొత్తం జానెడు దాకా పొడవు సాగి, దిగిన తరువాత మళ్ళీ కుదించుకునేది.

తెనాలివారి శిరీష

ఇక శిరీష బండ్ల గారి సంగతి. గుంటూరు, తెనాలి ప్రాంతాల మూలాలున్న కుటుంబం వారిది. చిన్నతనంలోనే అమెరికా వెళ్ళి హ్యూస్టన్‌లో పెరిగారు. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో విమాన, అంతరిక్ష ఇంజనీరింగు చదివారు. వ్యోమగామి కావాలన్న కోరికకు కంటిచూపు అడ్డువచ్చినా ఆ రంగాన్ని వదలలేదు. వర్జిన్ గెలాక్టిక్ సంస్థలో ఉద్యోగినిగా, 2021 జులై 11న యూనిటీ అనే రాకెట్టు విమానం ఎక్కారు. మనకది ఆదివారం రాత్రి. మా వీధిలో ఆ వేళ క్రికెట్టు చూచే ఇళ్ళలో కూడా టీవీలో వార్తలే పెట్టారు.

ఆ అమ్మాయి నవ్వుతూ గాలిలో తేలటమే మనం చూచాము. అయితే ఆ విమానం నడిచిన దారిలో ఒక మనిషి ప్రాణం ఉన్నది. అది కూడా తెలుసుకోవాలి. ఈ రకం విమానాన్ని పెద్ద విమానం పైకి తీసుకుపోయి వదులుతుంది. రాకెట్టు ఒక్క నిముషం మండుతుంది. కొద్ది సెకన్లలోనే శబ్దవేగం దాటి, సుమారు మాక్ 3 అందుకుని, దాదాపు నిట్టనిలువుగా పోతుంది. తిరిగి దిగేటప్పుడు తోకభాగాన్ని పైకి మడుస్తారు. అప్పుడది షటిల్ ఆటలోని ఈకల బంతిలాగా, ఎటు పడినా సరిగానే నిలదొక్కుకుని, నెమ్మదిగా దిగుతుంది. చక్కని ఆలోచన. కాని ఆ మడత పైకి పోయేటప్పుడు తెరుచుకోకూడదు. అందుకని దానికి గడియ పెట్టారు.

2014 అక్టోబరు 31న దీనికన్న ముందు చేసిన విమానం పరీక్షకు లేచింది. మాక్ 1.4 దాటిన తరువాత తీయవలసిన గడియను సహపైలట్ మాక్ 0.8 వద్దనే తీశాడు. తేడా కొద్ది సెకన్లే. కాని ఇందాక చెప్పుకున్న ఇద్దరు యజమానుల వేగం అదే. ఆ చోట గాలి తోకను పైకి తోస్తుంది. శబ్దాన్ని బాగా దాటిన తరువాతనయితే ఆ తోపుడు మారి, గడియ తీసినా తోక కదలదు. మడవమని ఎవరూ మీట నొక్కకుండానే తోక విరుచుకు లేచింది. విమానం ముక్కలయింది. సహపైలట్ మరణించాడు. పైలట్ గాలిలోకి విసిరివేయబడి, పారాచూటు విచ్చుకోగా బ్రతికాడు. విచారణ జరిపినవారు తప్పంతా చనిపోయినవాడిమీద వేయలేదు. ఒక్క మనిషి ఒక్క పొరపాటు చేస్తే ఏమవుతుందో నిర్మాతలు ముందుగా ఆలోచించకపోవటం అసలు లోపమన్నారు. తరువాతి విమానమైన యూనిటీలో ఆ గడియను ముందుగా తీయటానికి వీలులేకుండా ఏర్పాటు చేశారు.

శిరీష ఎక్కింది ఆ విమానం. ఆరుగురిలో ఒకరుగా సుమారు 86 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళి, బరువులేని ఆ కొద్ది నిముషాల్లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంవారి మొక్కల ప్రయోగాన్ని చేతిలోని గొట్టాలతో నడిపి తిరిగివచ్చారు. దాటవలసిన ఆ కష్టపు వేగాన్ని యూనిటీ నిమిషంలో చిన్న భాగంలో దాటేసింది. ఆ కొద్ది సెకన్ల వెనుక ఏడేళ్ళ శ్రమ ఉన్నది.

క్రింద ఉన్నవాళ్ళ మాట

ఇప్పుడు పెళ్ళిలో అడిగిన మోత సంగతికి వస్తాను. చాలామంది విమానం శబ్దాన్ని దాటే క్షణంలో ఒక్కసారే మోత వస్తుందనుకుంటారు. కాదు. శబ్దాన్ని దాటి ఎంతసేపు పోతే అంతసేపూ విమానం తన అదటును నేలమీద చీరకొంగులాగా ఈడ్చుకుపోతూనే ఉంటుంది. కొంగు ఏ ఊరిమీదుగా పోతే ఆ ఊరికి మోత. ముక్కు అదటు ఒకటి, తోక అదటు ఒకటి గనుక తరచు ‘ధాం-ధాం’ అని రెండు దెబ్బలు వినబడతాయి. విమానంలో ఉన్నవారికి ఏమీ వినబడదు. వారు తమ మోతకు ముందే వెళ్ళిపోతున్నారు.

అసలు ఒత్తిడి చాలా కొద్ది. కాంకార్డ్ మోతలో గాలి ఒత్తిడి మామూలు మీద వెయ్యోవంతు మాత్రమే పెరిగేది. మేడ రెండు మూడు అంతస్తులు దిగితే మన చెవుల మీద పెరిగేది అంతే. కాని మెట్లు దిగటానికి నిముషం పడుతుంది. ఇది కనురెప్ప పాటులోపల జరుగుతుంది. అందుకే కిటికీలు అదురుతాయి, పసిపిల్లలు ఉలిక్కిపడి ఏడుస్తారు.

అమెరికా ప్రభుత్వం 1964లో ఓక్లహోమా నగరంమీద ఆరు నెలలపాటు కావాలనే ఇటువంటి మోతలు చేయించింది. మొత్తం 1,253. జనం అలవాటుపడతారేమో చూద్దామని వారి ఉద్దేశం. చివరకు నూటికి 27 మంది, మేము దీనితో బ్రతకలేమన్నారు. 1973లో ఆ దేశం తన నేలమీదుగా పౌర విమానాలు శబ్దాన్ని దాటరాదని నిషేధించింది. 1976లో ప్రయాణీకుల సేవకు వచ్చిన కాంకార్డ్ ఎక్కువగా సముద్రంమీదనే తన వేగాన్ని చూపవలసివచ్చింది. లండను నుంచి న్యూయార్కుకు మూడున్నర గంటల్లో చేర్చేది. ఇంధనం ఖర్చు, టిక్కెట్టు ధర, 2000లో పారిస్ వద్ద 113 మందిని బలిగొన్న ప్రమాదం అన్నీ కలిసి 2003లో దానిని ఇంటికి పంపాయి. ఆ విమానంలో కూర్చున్నవారు కొద్దిమంది. దాని మోత వినవలసినవారు లక్షలమంది. ఈ లెక్క ఎప్పుడూ తేలలేదు.

మనకు దగ్గరలో 2020 మే 20న బెంగుళూరులో పట్టపగలు పెద్ద మోత వినబడింది. జనం భూకంపమనుకున్నారు. భూకంపాన్ని కొలిచే పరికరాలు ఏమీ లేదన్నాయి. సాయంత్రానికి రక్షణశాఖవారు, నగరానికి దూరంగా శబ్దాన్ని దాటి ఎగిరిన పరీక్ష విమానం సంగతి చెప్పారు. అంతవరకు లక్షలమంది భయపడుతూనే ఉన్నారు. గాలికి కబురు అందకపోతే మోత పుడుతుంది. మనుషులకు కబురు అందకపోతే భయం పుడుతుంది. మొదటిది ప్రకృతి ధర్మం. రెండోదాన్ని మాన్పటం మన చేతిలో ఉన్నది.

ఇప్పుడు మోతను తగ్గించే పని సాగుతున్నది. 2025 జనవరి 28న అమెరికాలో ఎక్స్‌బి-1 అనే ప్రైవేటు విమానం శబ్దాన్ని కొద్దిగా దాటి ఎగిరినా మోత నేలకు చేరలేదు. నేల దరి గాలి వెచ్చన, అక్కడ శబ్దం వేగం ఎక్కువ. అందుచేత పైనుంచి వచ్చే అదటు దారిలోనే వంగి మళ్ళీ పైకి పోయింది. అదే సంవత్సరం జూన్‌లో పాత నిషేధాన్ని ఎత్తివేయమని ఆ దేశాధ్యక్షుడు ఉత్తర్వు ఇచ్చారు. అక్టోబరు 28న నాసావారి ఎక్స్-59 మొదటిసారి ఎగిరింది. దాని ముక్కు కొంగ ముక్కులా పొడవు. అదటులన్నీ ఒకచోట పోగుపడకుండా విడివిడిగా దిగి, పిడుగు బదులు ఎవరో కారు తలుపు వేసినంత చప్పుడే కావాలని వారి ఆశ. దానిని ఊళ్ళమీదుగా నడిపి, క్రింద ఉన్నవారిని అడిగి తెలుసుకోవాలన్నది ఆ ప్రయత్నంలో ముఖ్యభాగం. శబ్దాన్ని దాటిన ఎనభై ఏళ్ళకయినా క్రిందివారి మాట లెక్కలోకి వచ్చినందుకు నాకు సంతోషంగా ఉన్నది.

మీ ఊళ్ళో ఎప్పుడైనా మబ్బులేని ఆకాశంలో ‘ధాం-ధాం’ అని రెండు మోతలు వినబడి కిటికీలు అదిరితే కంగారుపడి పిల్లలను వీధిలోకి లాగకండి. భూకంపమయితే నేల కాసేపు ఊగుతుంది. ఇది రెండు దెబ్బలతో సరి. విమానాన్ని చూడాలని తలపైకెత్తితే మాత్రం నెత్తిమీద కనబడదు. 12 కిలోమీటర్ల ఎత్తున మాక్ 2తో గుంటూరు మీదుగా తూర్పుకు పోయిన విమానం మోత మీ చెవిన పడటానికి అర నిముషం పైన పడుతుంది. ఈలోగా అది 20 కిలోమీటర్లు దాటిపోయి ఉంటుంది. తెనాలి పొలిమేరల వైపు చూడండి.